మీ ఫొటో మరొకరి పేజీలో కనిపిస్తే: సమస్యలు, పరిష్కారాలు

సమస్య: వాటర్‌మార్క్ వేసి పెట్టిన ఫొటో మీ పేరు లేకుండా వేరొకరి పేజీలో తిరుగుతోంది.

కారణం: మూలన వేసిన పేరును కత్తిరించడం ఫోన్ చేతిలో ఉన్న ఎవరికైనా క్షణంలో పని, నడిమధ్యన వేసినా చెరిపేసే ఏఐ యాప్‌లు ఉచితంగానే దొరుకుతున్నాయి. కెమెరా మోడల్, తీసిన తేదీ, సమయం వంటి, ఫైలులోనే దాగి ఉండే ఎగ్జిఫ్ వివరాలు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపగానే పోతాయి, డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి.

పరిష్కారం: వాటర్‌మార్క్ మానవలసిన పనిలేదు గాని, దాని మీదే భారం వేయకూడదు. హక్కును నిలబెట్టేది మీ దగ్గర మిగిలిన మూల ఫైలే. కాబట్టి పొడవైన వైపు 1600 పిక్సెళ్లకు మించని ప్రతిని మాత్రమే నెట్‌లో పెట్టి, కెమెరా ఏ మార్పూ లేకుండా దాచే రా (RAW) ఫైలును, దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములను భద్రపరచాలి. కొల్లేటి దగ్గర ఆటపాకలో గూడబాతు రెక్కలు విప్పిన క్షణాన్ని మీరు పట్టుకున్నారనుకుందాం. కాజేసినవారి దగ్గర ఆ ఒక్క ఫ్రేమే, అదీ కుదించినదే, ఉంటుంది. మీ కార్డులో మాత్రం ఆ పక్షి నీటి మీద తేలుతున్నప్పటి నుంచి ఎగిరిపోయేదాకా తీసినవన్నీ వరుస సంఖ్యలతో ఉంటాయి.

సమస్య: మీరు తీసిన పెళ్లి ఫొటోను ఒక బట్టల దుకాణం ప్రకటనకు వాడుకుంది, అడిగితే పెళ్లివారే ఇచ్చారంటున్నారు.

కారణం: తీసినవారిదే హక్కు అన్నది సొంతంగా తీసుకున్న ఫొటోల విషయంలో నిజమే. కానీ కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనిపక్షంలో, తీయించుకున్నవారే తొలి హక్కుదారులు.

పరిష్కారం: అడ్వాన్సు తీసుకునే రోజే హక్కులు ఎవరివో, ప్రకటనలకు ఎవరి అనుమతి కావాలో రాసి, ఇరువైపులా సంతకాలు చేయించుకోవాలి.

సమస్య: ఫిర్యాదు చేసినా ఫొటో తొలగించలేదు.

కారణం: పోస్టు కింద కోపంగా రాసిన కామెంటు ఫిర్యాదు కాదు. అవతలివారు 'ఫొటో సౌజన్యం: ఇంటర్నెట్' అని రాసినంత మాత్రాన అది అనుమతీ కాదు, ఇంటర్నెట్ ఎవరికీ ఫొటో తీసిపెట్టదు. అకౌంటు లింకు ఇచ్చి పోస్టు లింకు ఇవ్వకపోవడం, హక్కు మీదేనని చూపే ఆధారం జతచేయకపోవడం తరచుగా జరిగే పొరపాట్లు.

పరిష్కారం: ముందుగా లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి, ఎందుకంటే ఫిర్యాదు సంగతి తెలియగానే పోస్టు మాయమై, వాడుకున్నారనడానికి ఆధారమే లేకుండా పోవచ్చు. ఫొటో ఇచ్చి వెతికే గూగుల్ లెన్స్, టిన్‌ఐ వంటి వాటిలో చూస్తే మిగతా ప్రతులూ బయటపడతాయి. ఫేస్‌బుక్ వంటి అమెరికా సంస్థలు ఆ దేశపు 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం (డీఎంసీఏ) ప్రకారం కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంచుతాయి, మామూలు 'రిపోర్ట్' బటన్ కన్నా అదే మేలు. మన కాపీరైట్ నియమాలు, 2013లోని 75వ నియమం కింద లిఖితపూర్వక ఫిర్యాదు ఇస్తే, ఫొటో ఉన్న సైటును నడిపే సంస్థ 36 గంటల్లోగా ఆ ప్రతిని అందుబాటులో లేకుండా చేయాలి. అయితే దావా వేసి 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తామని ఫిర్యాదులోనే హామీ ఇవ్వాలి, తేలేకపోతే ఆ సంస్థ ఫొటోను మళ్లీ అందుబాటులోకి తేవచ్చు. కాబట్టి కోర్టు దాకా వెళ్లే ఉద్దేశం లేనివారికి సంస్థ ఫారమే తగిన దారి. వెళ్లదలచినవారు ఆ ఫొటోను రిజిస్టర్ చేయించుకోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఫొటో తీసిన క్షణానే హక్కు పుడుతుంది. కానీ కాపీరైట్ చట్టం 48వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ రిజిస్టర్‌లోని వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా, అంటే తప్పని రుజువయ్యేదాకా చెల్లేదిగా, స్వీకరిస్తుంది.