ట్రెక్కింగ్ బ్యాగు ఎక్కడ నొప్పి పెడుతోంది?

మొదటిసారి ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభానికి వెళ్లినప్పుడు నా వీపున ఉన్నది ఆఫీసుకు తీసుకెళ్లే ల్యాప్‌టాప్ బ్యాగు. అందులో నాలుగు లీటర్ల నీళ్లు, పులిహోర డబ్బా, ఒక దుప్పటి. దిగేసరికి భుజాల మీద పట్టీలు పడ్డచోట ఎర్రగా కమిలిపోయింది. బరువు ఎక్కువైందనుకున్నాను. మరుసటి ఏడు అంతే బరువును సరైన బ్యాగులో మోస్తే ఆ నొప్పే లేదు. అందుకే బ్యాగు ఎక్కడ బాధపెడుతోందో చెబితే తప్పెక్కడుందో ఇప్పుడు చాలావరకు చెప్పగలను.

భుజాలు కోసుకుపోతున్నాయి

బరువంతా భుజాల మీదే వేలాడుతోంది. బ్యాగుకి నడుము పట్టీ లేకపోయి ఉండాలి, లేదా ఉన్నా దాన్ని బొడ్డు దగ్గర కట్టి ఉంటారు. చంకనెత్తుకున్న బిడ్డను తల్లి ఎక్కడ కూర్చోబెడుతుందో చూడండి, తుంటి ఎముక మీద. బ్యాగుకీ అదే చోటు. పది కిలోల బరువుంటే ఏడెనిమిది కిలోలు తుంటికి దిగాలి.

ముందు పట్టీలన్నీ వదులు చేయండి. బ్యాగు తగిలించుకుని, భుజాలు కాస్త పైకెత్తి, తుంటి ఎముకల పైఅంచు నడుము పట్టీ మధ్యకు వచ్చేలా బిగించండి. ఆ తర్వాతే భుజం పట్టీలు, అవీ వీపుకి ఆనేంతవరకే. మనలో చాలామంది వీటినే ముందు బిగిస్తాం, అక్కడే తిరగబడుతుంది.

నడుము పట్టీ పొట్ట మీదికి ఎగబాకుతోంది

ఇక్కడ బిగింపులో లోపం లేదు, బ్యాగే మీ కొలత కాదు. చొక్కాకి ఛాతీ కొలత ఎలాగో బ్యాగుకి వెన్ను పొడవు అలాగ. దుకాణంలో మాత్రం 'ఎన్ని లీటర్లు కావాలి?' అనే అడుగుతారు. లీటర్లు సామాను కొలత, మీ ఒంటి కొలత కాదు.

దర్జీ టేపు తీసుకోండి. తల వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది, అది పైగుర్తు. బొటనవేళ్లు వెనక్కి వచ్చేలా చేతులు తుంటి ఎముకల మీద పెట్టుకోండి. ఆ రెండు వేళ్లనూ కలిపే గీత వెన్నెముకను తాకే చోటు కిందిగుర్తు. ఈ మధ్య దూరాన్ని ఇంకొకరు కొలవాలి, సొంతంగా కొలుచుకుంటే తప్పొస్తుంది. ఎత్తుని బట్టి ఊహించొద్దు. ఆరడుగుల మనిషికి కాళ్లు పొడవై వెన్ను పొట్టిగా ఉండొచ్చు.

బ్యాగు వెన్నుభాగం పైకీ కిందికీ జరిగేదైతే మీ కొలతకు సర్దుకోండి. జరగనిదైతే కొలత కుదిరిన ఇంట్లోవాళ్లకు ఇచ్చేయడమే. ఆడవాళ్లకని చేసిన రకాల్లో వెన్ను పొట్టిగా, భుజం పట్టీలు వంపుగా ఉంటాయి. సన్నగా ఉండే మగపిల్లలకూ అవి కుదురుతుంటాయి, మొహమాటపడకండి. ఆన్‌లైన్‌లో వెన్ను కొలత రాయని బ్యాగు జోలికి నేను పోను. ఏ బ్యాగు ఇంటికొచ్చినా ట్యాగు తెంచకుండా అందులో ఏడెనిమిది కిలోల బియ్యం పెట్టుకుని అపార్ట్‌మెంట్ మెట్లు పావుగంట ఎక్కి దిగుతాను. వాచ్‌మన్ నవ్వితే నవ్వనీ.

వెనక్కి లాగేస్తోంది

నీళ్లు, టెంటు లాంటి బరువైనవి బయటి జేబుల్లో పెట్టారు. వాటిని వీపుకి ఆనించి మధ్యలోకి తేండి. స్లీపింగ్ బ్యాగు అడుగున, తేలికవి పైన. భుజాల మీదుగా బ్యాగు పైభాగానికి ఏటవాలుగా వెళ్లే చిన్న పట్టీలు ఉంటే కొంచెం లాగండి, బ్యాగు వీపుకి దగ్గరవుతుంది.

వేళ్లకు తిమ్మిర్లు

భుజం పట్టీలు నరాలను నొక్కేస్తున్నాయి. ఆగి, వదులు చేసి, బరువు తుంటికి దించండి. ఛాతీ పట్టీ కాలరు ఎముకకు రెండు మూడు వేళ్ల కింద ఉండాలి, ఊపిరికి అడ్డు రాకూడదు. బ్యాగు దించినా తిమ్మిరి వదలకపోతే ఆ రోజు నడక చాలించి డాక్టర్ని కలవండి.

చెమట, ఒరిపిడి

నల్లమల అడవిలో నడిచి వెళ్లే సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమి ఎండల్లో వస్తుంది. అప్పుడు ఏ బ్యాగు వేసుకున్నా వీపు తడుస్తుంది. బ్యాగుకి బదులు బిగుతైన జాలీ వీపుకి ఆనే రకం గాలి ఆడనిస్తుంది, కాకపోతే బరువు వీపుకి కాస్త దూరం జరుగుతుంది. చిన్న బరువుకి అది మేలు, పెద్ద బరువుకి వద్దు. తుంటి దగ్గర చర్మం లేస్తుంటే ప్యాంటు బెల్టు తీసేయండి. నూలు బనియన్ తడిస్తే ఆరదు, త్వరగా ఆరే టీషర్టు వేసుకోండి.

లోపల తడి, జిగట

రెయిన్ కవర్ వేసినా వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. లోపల పెద్ద పాలిథీన్ సంచి పెట్టి అందులో బట్టలు సర్దండి. లోపలి పూత జిగటగా పొట్టులా రాలుతుంటే తేమకి పాడైందన్నమాట. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో బ్యాగుని తడితో అటకెక్కిస్తే ఇదే జరుగుతుంది. రాలడం మొదలయ్యాక బాగుచేయడం కష్టం.

అన్నీ సరిగ్గానే ఉన్నా మోయలేకపోతున్నాను

అయితే నిజంగానే బరువెక్కువ. ఒక్కరోజు నడకకి ఒంటి బరువులో పదో వంతు, రాత్రుళ్లు ఉండే ట్రెక్‌కి ఐదో వంతు దాటనీయకండి. ఒక్కరోజుకి 20-30 లీటర్లు, రెండు మూడు రాత్రులకి 40-50 లీటర్లు చాలు. అంతకన్నా పెద్దది కొంటే ఖాళీ కనబడ్డ కొద్దీ ఏదో ఒకటి కుక్కుతాం. అలిపిరి దారిలో అయితే ఆ బెంగే లేదు. లగేజీ కింద కౌంటర్లో ఇచ్చేస్తే దేవస్థానం వాళ్లే కొండమీదికి చేరుస్తారు. 3,550 మెట్లకీ చేతిలో ఒక నీళ్ల సీసా ఉంటే సరి.