డాబా కాకకి ఎన్ని అంగుళాల షీటు?

మే నెలలో మా అమలాపురంలో సాయంత్రం ఏడున్నరకి అరుగు మీద గాలి హాయిగానే ఉంటుంది. మేడ మీద గదిలో ఫ్యాన్ వేస్తే మాత్రం పొయ్యి ముందు కూర్చున్నట్టే. అందరూ అడిగేది ఒకటే: డాబా మీద వేడిని ఆపడానికి ఎంత మందం షీటు వెయ్యాలి? దానికంటే ముందు ఒక పని చెయ్యండి. రాత్రి ఎనిమిదింటికి స్టూలెక్కి అరచెయ్యి సీలింగుకి ఆనించండి, తర్వాత పడమటి గోడకి. గోడే ఎక్కువ కాలుతుంటే పైన ఎంత వేసినా సగం ఫలితమే, ఆ గోడకి నీడ కావాలి.

సమస్య: అర్ధరాత్రి దాకా శ్లాబు కాక తగ్గదు

కారణం: అయిదంగుళాల కాంక్రీటు పగలంతా ఎండ తాగి రాత్రి నెమ్మదిగా కక్కుతుంది.

పరిష్కారం: శ్లాబు పైన ఎక్స్‌పీఎస్ షీటు (థర్మోకోల్ జాతిదే, కానీ గట్టిది, నీరు పెద్దగా పీల్చని ఫోమ్). ఉత్త శ్లాబు గుండా నూరు పాళ్ల వేడి దిగుతుందనుకుంటే, అంగుళం షీటుతో సుమారు 26 పాళ్లు, రెండంగుళాలకి 15, మూడింటికి 10, నాలుగింటికి 8. మొదటి అంగుళం చేసే మేలు నాలుగోది చెయ్యదు. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం తెచ్చిన 2018 నాటి ఎకో నివాస్ సంహిత ఇళ్ల కప్పుకి పెట్టిన యూ-విలువ (కప్పు గుండా వేడి ఎంత దిగుతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) పరిమితి 1.2. ఉత్త శ్లాబుది 3.4 దాకా ఉంటుంది, అంగుళం షీటుతోనే లెక్కలో 0.9కి వస్తుంది. కానీ అతుకుల దగ్గర సందులు తప్పవు కాబట్టి నేను రెండంగుళాలే వెయ్యమంటాను. రాత్రంతా ఏసీ నడిచే గదైతే మూడు. నాలుగంటే డబ్బు దండగ.

సమస్య: కింద థర్మోకోల్ సీలింగు వేసినా అంతే

మాకూ ఒక మేస్త్రి అలాగే అంటగట్టాడు. అర అంగుళం థర్మోకోల్ ఏ మూలకి? పైగా షీటు కింద ఉంటే శ్లాబు రోజూ ఎండకి సాగుతూ, రాత్రి కుదించుకుంటూనే ఉంటుంది. పిట్టగోడ మొదట్లో సన్నటి పగుళ్లు అందుకే. పని పైనే చేయించండి.

సమస్య: మొదటి వేసవి చల్లగా ఉంది, రెండో ఏడు మళ్లీ వేడి

కారణం నూటికి తొంభై పాళ్లు నీళ్లే. మన వానలకి షీటు కింద నీరు చేరితే మామూలు థర్మోకోల్ నెమ్ము పీల్చి పనికిరాకుండా పోతుంది. ముందు తూము వైపు వాలు (వంద అడుగులకి అడుగు), దాని మీద వాటర్‌ప్రూఫింగ్. 48 గంటలు నీళ్లు కట్టి కింద చెమ్మ లేదని చూసుకున్నాకే షీట్లు. వాటి మీద గుడ్డ పొర, మెష్ వేసిన రెండంగుళాల కాంక్రీటు, తెల్ల టైల్స్.

సమస్య: వాన నీళ్లు మెట్ల గదిలోకి వస్తున్నాయి

ఇది ముందే కొలవాల్సింది. షీటు, కాంక్రీటు, టైలు కలిపి నాలుగున్నర అంగుళాలు లేస్తాయి. గడప అంతకంటే ఎత్తు లేకపోతే షీటు మందం తగ్గించడం కాదు, గడప లేపించాలి. చదరపు మీటరుకి వంద కిలోలకి పైగా బరువు కూడా పడుతుంది. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి సీలింగు పెచ్చులూడుతుంటే, ముందు ఇంజినీరుకి చూపించండి.

సమస్య: తెల్ల టైల్స్ నల్లబడ్డాయి

పాకుడు. నలుపు ఎండని లాగుతుంది. వానలు వెళ్లాక కార్తీకంలో బ్లీచింగు పొడి చల్లి గట్టి చీపురుతో రుద్దించండి. బట్టలు ఆరెయ్యడానికి ఎక్కినవాళ్లు జారిపడేదీ దాని మీదే.