ఇంటెగ్రిటీ అంటే నిజాయితీ ఒక్కటేనా? ఈ మాటను ఎక్కడ ఎలా వాడాలి

మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఒకరోజు నా వర్క్‌షీట్ మీద ద్రావణం ఒలికింది. రీడింగులన్నీ కనబడుతూనే ఉన్నాయి, కాగితం మాత్రం మరకలైంది. అవే అంకెలు, ఒక్కటీ మార్చకుండా, కొత్త కాగితం మీద శుభ్రంగా ఎక్కించి పాతది పారేశాను. సాయంత్రం మా సీనియర్ మేడమ్ చూసి, "మొదటి కాగితం ఏదమ్మా?" అని అడిగారు. పారేశానని చెప్పాను. "నువ్వు అబద్ధం రాయలేదని నాకు తెలుసు. కానీ ఈ రికార్డుకి ఇంటెగ్రిటీ లేకుండా పోయింది" అన్నారు. ఆ పరీక్ష మొదటి నుంచి మళ్లీ చేశాం.

అప్పటిదాకా ఇంటెగ్రిటీ అంటే నిజాయితీ అనే అనుకునేదాన్ని. నిజాయితీ ఉండి కూడా ఇంటెగ్రిటీ ఎలా పోతుందో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇప్పుడు నేను ఇంగ్లీషులో ఉన్న శిక్షణ పత్రాలను తెలుగు చేసే పనిలో ఉన్నాను. ఈ మాట తగలని వారం ఉండదు. ప్రతిచోటా 'నిజాయితీ' అని పెట్టేస్తే ఏమవుతుందో కూడా చూశాను. 'డేటా నిజాయితీ', 'సీలు నిజాయితీ' లాంటివి తయారవుతాయి. చదివేవాళ్లకు అందులో ఏమీ అందదు.

మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూస్తే పని సులువవుతుంది. లాటిన్‌లో 'టాంగెరె' అంటే తాకడం. దాని ముందు 'కాదు' అనే అర్థమిచ్చే 'ఇన్' చేరి 'ఇంటెగెర్' అయింది. ఎవరూ తాకనిది, అందుకే మొత్తంగా మిగిలినది అని అర్థం. లెక్కల్లో ఇంటీజర్ అదే మాట, మన పూర్ణాంకం. దానికి ఎదురుగా ఉండేది భిన్నం, భిన్నమంటే విరిగినది. స్పర్శరేఖకి ఇంగ్లీషులో ఉన్న 'టాంజెంట్' అనే పేరు కూడా ఆ తాకడం నుంచి వచ్చిందే. ఇవన్నీ బడిలో వేరువేరుగా నేర్చుకున్నాం. పక్కపక్కన పెట్టుకుంటే ఇంటెగ్రిటీ లోపలి బొమ్మ కనబడుతుంది. విరగనిది, చెయ్యి పడనిది, చెక్కుచెదరనిది.

కాబట్టి వాక్యంలో ఈ మాట కనబడగానే నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇక్కడ చెక్కుచెదరకూడనిది ఏది? మనిషి మాటా, రికార్డా, గోడా, సరిహద్దా? అది తేలితే తెలుగు మాట దానంతటదే వస్తుంది.

మనిషి గురించి అయినప్పుడు

ఇదే అందరికీ తెలిసిన అర్థం. ఎక్కువ తికమక కూడా ఇక్కడే. 'మ్యాన్ ఆఫ్ ఇంటెగ్రిటీ' అంటే నిజం చెప్పే మనిషి అని మాత్రమే కాదు. నిజం చెప్పడం ఎదుటివాళ్లతో వ్యవహారం. ఇంటెగ్రిటీ ఆ మనిషి లోపల అతుకు లేకపోవడం. అనుకున్నదీ, అన్నదీ, చేసిందీ ఒకటే కావడం. మనకు దీనికి ఎంతో చక్కని మాట ఉంది, త్రికరణశుద్ధి. మనసు, మాట, చేత మూడూ ఒకే దారిలో నడవడం. ఇది లేనివాళ్లని మనం 'చెప్పేదొకటి, చేసేదొకటి' అంటాం. ఇంగ్లీషులో ఇంటెగ్రిటీ లేదని చెప్పే చాలా సందర్భాలకు ఇది అచ్చంగా అతుకుతుంది.

ఒక ఉదాహరణ. టీమ్ లీడర్‌ని పైవాళ్లు "ఆలస్యం ఎందుకైంది?" అని అడిగారు. అతను "పని ఆలస్యమైంది, నిజమే" అన్నాడు. అది నిజాయితీ. "ఆలస్యానికి కారణం నా నిర్ణయం, కుర్రాళ్లది కాదు" అన్నాడనుకోండి, ఎవరూ అడగకపోయినా, తనకు నష్టమని తెలిసినా. ఇంగ్లీషు వాడేవాళ్లు ఇంటెగ్రిటీ అనేది దీన్ని. ఎవరూ చూడనప్పుడూ, నష్టం వస్తున్నప్పుడూ అదే మనిషిగా ఉన్నాడా అన్నదే ఇక్కడ చూడాలి.

తెలుగులో రాసేటప్పుడు మామూలు సంభాషణకి 'నిజాయితీ' సరిపోతుంది, దాన్ని వద్దనను. అధికారికంగా రాయాల్సి వస్తే 'రుజువర్తన' మంచి మాట, వంకర లేని నడవడి అని. నడవడి అంతా ఒకే తీరుగా ఉందని చెప్పాలంటే త్రికరణశుద్ధి. 'నిబద్ధత' మాత్రం వద్దు. ఈమధ్య చాలామంది ఇంటెగ్రిటీకి నిబద్ధత అని రాస్తున్నారు, కానీ అది కమిట్‌మెంట్. తప్పుడు పనికి కూడా నిబద్ధతతో ఉండవచ్చు. 'చిత్తశుద్ధి' కొంత దగ్గర, అయినా అది మనసుతోనే ఆగిపోతుంది, చేతల దాకా రాదు.

రికార్డు, డేటా గురించి అయినప్పుడు

నా మరకల కాగితం కథ ఇక్కడిదే. మందుల పరిశ్రమలో డేటా ఇంటెగ్రిటీకి 'అల్కోవా' అనే గుర్తు చెబుతారు. అయిదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతో కట్టింది. ఎవరు రాశారో తెలియాలి. చదవగలిగేలా ఉండాలి. పని జరిగినప్పుడే రాయాలి. మొట్టమొదట రాసినదే ఉండాలి. సరిగ్గా ఉండాలి. నేను ఎక్కించిన కాగితంలో అంకెలు సరైనవే. కానీ అది పని జరిగినప్పుడు రాసినదీ కాదు, మొదట రాసినదీ కాదు. మూడో మనిషి వచ్చి చూస్తే, నేను అంకె మార్చలేదని నమ్మడానికి నా మాట తప్ప ఇంకేమీ లేదు. మొదటి కాగితం ఉంటే నా మాటతో పనే ఉండేది కాదు.

తప్పు దిద్దే పద్ధతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 7.42 బదులు 7.24 అని రాశారనుకోండి. తప్పు అంకె మీద ఒకే ఒక గీత, కిందున్నది కనబడేలా. పక్కన 7.42. ఆ పక్కన మీ పొడి సంతకం, తేదీ, ఎందుకు దిద్దారో రెండు మాటల్లో కారణం. వైట్‌నర్ పూయకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు. తప్పు కూడా రికార్డులో భాగమే, దాన్ని చెరిపితే మొత్తం చెడుతుంది. శుభ్రంగా కనబడే పేజీ కన్నా గీతలున్న పేజీని ఎక్కువ నమ్మాలని నాకు నేర్పింది ఈ పనే.

కంప్యూటర్ వాళ్ల దగ్గర కూడా అర్థం ఇదే. విండోస్‌లో సిస్టమ్ ఫైల్ చెకర్ నడిపితే, అంతా బాగున్నప్పుడు 'ఇంటెగ్రిటీ వయొలేషన్స్' ఏవీ కనబడలేదని చెబుతుంది. ఫైళ్లు ఉండాల్సినట్టే ఉన్నాయి, ఏదీ చెడలేదు, ఎవరూ మార్చలేదు అని. డౌన్‌లోడ్ చేసిన ఫైలుకి షా-256 అనే పద్ధతిలో లెక్క వేస్తే అక్షరాలు, అంకెలు కలిపి 64 గుర్తుల వరుస వస్తుంది. ఫైల్లో ఒక్క అక్షరం మారినా వచ్చే వరుస పూర్తిగా వేరేగా ఉంటుంది. ఫైలు ఇచ్చినవాళ్లు చెప్పిన వరుసతో పోల్చి చూసుకోవాలి. తెలుగులో 'డేటా సమగ్రత' అనే మాట స్థిరపడింది, వాడండి. కానీ మొదటిసారి వచ్చినచోట 'మధ్యలో ఎవరూ మార్చకుండా, ఏదీ పోకుండా ఉండటం' అని ఒక్క వాక్యం కలపండి. సమగ్రత అనగానే చాలామందికి 'వివరంగా' అన్న అర్థమే తడుతుంది, సమగ్ర నివేదిక అంటాం చూడండి, అలా.

వస్తువు గురించి, దేశం గురించి

గోడ, వంతెన, విమానం రెక్క గురించి 'స్ట్రక్చరల్ ఇంటెగ్రిటీ' అంటే పగుళ్లు లేకుండా బరువు మోసే స్థితి. 'పటిష్ఠత' చాలు. ఇంజెక్షన్ సీసాల సీలు పరీక్షను నేను చాలాసార్లు దగ్గరుండి చూశాను. మూతపెట్టిన సీసాలను మిథిలీన్ బ్లూ కలిపిన నీళ్లలో ముంచి, వాక్యూమ్ పెట్టి, తర్వాత వదులుతారు. మూత దగ్గర సందు ఉంటే నీలం లోపలికి లాక్కుపోతుంది. సీసాలు బయట కడిగి, తెల్లటి వెనుక తెర ముందు ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తాం. నీలి ఛాయ కనబడితే ఆ సీలుకి ఇంటెగ్రిటీ లేదు. అక్కడ 'నిజాయితీ' అని రాసిన అనువాదం చదివితే ఆ నీలం ఎవరికీ కనబడదు. నేను 'సీలులో ఎక్కడా సందు లేకపోవడం' అని రాస్తాను.

దేశం విషయంలో పత్రికల వాళ్లు స్థిరపరిచిన మాట 'సమగ్రత'. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ రెండో అధికరణంలోని 'టెరిటోరియల్ ఇంటెగ్రిటీ' అంటే ప్రాదేశిక సమగ్రత. మన రాజ్యాంగ పీఠికలో మొదట 'యూనిటీ' మాత్రమే ఉండేది, 1976లో 42వ సవరణ 'ఇంటెగ్రిటీ'ని చేర్చింది. ఒక్క జాగ్రత్త: ఇంటిగ్రేషన్ వేరు. విడిగా ఉన్నవాటిని కలపడం ఇంటిగ్రేషన్, ఒకటిగా ఉన్నది ముక్క కాకుండా నిలవడం ఇంటెగ్రిటీ.

మీరే ఇంగ్లీషులో వాడేటప్పుడు

మామూలు వాడుకలో ఈ మాటకి బహువచనం లేదు. తేలిగ్గా వాడుకునే విశేషణం కూడా లేదు, అందుకే 'ఆఫ్ ఇంటెగ్రిటీ', 'విత్ ఇంటెగ్రిటీ' అని తిప్పి చెప్పాలి. పలికేటప్పుడు ఒత్తు 'టెగ్' మీద పడాలి. ఉద్యోగ దరఖాస్తులో నాకు ఇంటెగ్రిటీ ఉందని రాసుకుంటే చదివేవాళ్లు దాటేసి పోతారు. మీ తప్పును మీరే పట్టుకుని చెప్పిన ఒక సంఘటన నాలుగు వాక్యాల్లో రాయండి, మాట వాడక్కర్లేదు.

ఇంకొకటి, ఇది నిజంగా ముఖ్యం. మెయిల్లో ఎవరి లెక్కలోనో పొరపాటు దొరికితే 'ఐ క్వశ్చన్ యువర్ ఇంటెగ్రిటీ' అని రాయకండి. అది లెక్క తప్పు అనడం కాదు, మీ నడవడే తప్పు అనడం. ఒక సహోద్యోగి తెలియక ఇలా రాసి, తర్వాత ఎన్ని క్షమాపణలు చెప్పినా ఆ స్నేహం మళ్లీ కుదరలేదు. 'ఈ అంకె సరిచూడండి' అంటే సరిపోయేది.

ఏ మాటా కుదరనప్పుడు మాట వెతకడం మానేసి వాక్యం రాయండి. 'బాడిలీ ఇంటెగ్రిటీ' అలాంటిది. యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల చార్టర్ మూడో అధికరణం దీన్ని హక్కుగా చెబుతుంది, వైద్యంలో మనిషి తెలిసి ఇచ్చే అనుమతి తప్పనిసరి అంటుంది. ఒక అంగీకార పత్రం తెలుగు చేస్తూ 'శారీరక సమగ్రత' అని రాసి, చదివి, కొట్టేశాను. దాని చోట ఇలా రాశాను: "నాకు అర్థమయ్యేలా చెప్పి, నేను సరే అన్నాకే నా ఒంటి మీద చెయ్యి వేయాలి."