కూర మందులా చేదెక్కిందా? ముందు పొట్లం వెనక చదవండి

రెండు మూడు దేశాల మసాలాలు కలిపి చేసిన మాంసం కూర పాడైందని ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది ఒకటే. వేసిన పొడుల పొట్లాల వెనక ఏం రాసి ఉందో చదివారా? దాదాపు అందరూ లేదనే అంటారు. మాంసం బాగాలేదంటారు, మంట ఎక్కువైందంటారు, చివరికి రెండు చెంచాల పంచదార వేసి ఇంకా పాడు చేస్తారు. పొట్లం తిప్పి చూడటానికి అర నిమిషం పట్టదు. దయచేసి ఆ పని ముందు చేయండి.

ముక్కలు ఎర్రగా వేయించడం, ఉల్లిపాయ పచ్చివాసన పోగొట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: కూర చేదుగా ఉంది, మందు వాసన వేస్తోంది

చేదు రెండు రకాలు. ఏదో తేల్చుకోకుండా సరిచేయడానికి దిగకండి. చెంచాడు పులుసు తీసి చల్లార్చి, నాలుక కొన మీద వేసుకుని పది లెక్కపెట్టండి. నోట్లో పడగానే చేదు తగిలి, వెనకే పొగ వాసన వస్తే అది మాడు. గిన్నె అడుగు చూడండి. అక్కడ పట్టింది ముదురు గోధుమ రంగులో ఉంటే మంచి రుచే, నల్లగా ఉంటే మాడే. నల్లగా ఉంటే గీకకుండా, కలపకుండా పైదంతా వేరే గిన్నెలోకి వంచేయండి. అంతకంటే చేయగలిగింది లేదు.

మొదట ఏమీ అనిపించకుండా అయిదారు లెక్క దగ్గర నాలుక కొన మొద్దుబారడం మొదలై, పంటినొప్పికి లవంగనూనె పెట్టుకున్నప్పటి రుచి వస్తే మాత్రం అది మాడు కాదు. ఒకే దినుసు రెండు మూడు దారుల్లో కూరలోకి వచ్చి చేరింది.

ఇది ఎందుకు కనిపించదంటే, మీరు ఏదీ ఎక్కువ వేయలేదు. నూనెలో నాలుగు లవంగాలు, ఒక దాల్చినచెక్క ముక్క వేశారు, సరైన కొలతే. చివర్లో ఒక చెంచా గరం మసాలా, అదీ మామూలే. కొత్త రుచి కోసం ఒక చెంచా చైనా వంటల ఫైవ్ స్పైస్ పొడి. విడివిడిగా ఏదీ తప్పు కాదు. కానీ ఫైవ్ స్పైస్ అంటే మామూలుగా అనాసపువ్వు, లవంగం, దాల్చినచెక్క, సోంపు, సిచువాన్ మిరియాలు. గరం మసాలాలో లవంగం, దాల్చినచెక్క ఎలాగూ ఉంటాయి. అంటే లవంగం మూడుసార్లు, దాల్చినచెక్క మూడుసార్లు పడ్డాయి. మొరాకో వంటల రసెల్ హనూత్, అరబ్ వంటల బహారాత్ పొడుల్లోనూ చాలావరకు ఇవే ఉంటాయి. ఆల్‌స్పైస్ పేరు చూసి అదేదో మసాలాల మిశ్రమం అనుకుంటారు. కాదు, అది ఒకే చెట్టు కాయ. లవంగానికి ఆ ఘాటునిచ్చే యూజినాల్ దాంట్లోనూ ఉంటుంది, కాబట్టి దాన్నీ లవంగం లెక్కలోనే వేసుకోవాలి. అనాసపువ్వుకూ సోంపుకూ ఇలాంటి సంబంధమే ఉంది. రెండింటి తీపి వాసనా అనెథోల్ అనే పదార్థానిదే.

నేను దీన్ని కనిపెట్టడానికి మూడు కూరలు పోయాయి. పదిహేను మందికి కొబ్బరిపాలు, సోయా సాస్ వేసి మటన్ వండాను. అందరూ రెండు ముద్దలు తిని గిన్నె పక్కకు జరిపారు. తప్పు మాంసానిదేననుకుని రెండోసారి వేరే చోట కొన్నాను. మళ్లీ అదే చేదు. మూడోసారి వెల్లుల్లి మాడుతోందేమోనని వెల్లుల్లే వేయలేదు. అయినా నాలుక మొద్దుబారింది. అప్పుడు కూర్చుని రెండు పొట్లాలూ పక్కపక్కన పెట్టి, దినుసుల పేర్లు కాగితం మీద రాసి, రెండుచోట్లా ఉన్నవాటి కింద గీత గీశాను. ఆ కాగితం ఇప్పటికీ మసాలా డబ్బాల అరలో ఉంది.

ఒక తేడా గుర్తుంచుకోండి. నాలుక జివజివలాడితే అది సిచువాన్ మిరియాల గుణం, తప్పేమీ కాదు. దాంతోనూ నాలుక కాస్త మొద్దుబారవచ్చు, కాబట్టి జివజివ లేకుండా మొద్దుబారితేనే లవంగాన్ని అనుమానించాలి. పులుసు జిగురుగా సాగుతుంటే దాల్చినచెక్క పొడి ఎక్కువైందని అర్థం.

ఎలా సరిచేయాలి?

ముందుగా విడి దినుసులన్నీ ఏరేయండి. లవంగం ఒక్కటి కూడా మిగలకూడదు. తర్వాత పైకి తేలిన నూనె తీసేయాలి. చాలామంది వదిలేసేది ఇదే. యూజినాల్, అనెథోల్ రెండూ నూనెలో బాగా కరుగుతాయి. అందుకే చేదులో పెద్ద భాగం పైన తేలే ఆ ఎర్రటి నూనెలోనే ఉంటుంది. వెంటనే వడ్డించాలంటే గరిటెతో తోడేయండి. సమయం ఉంటే రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దుటికి కొవ్వు పైన పెచ్చులా గట్టిపడుతుంది, సగం పైగా తీసి పారేయండి. రుచి పోతుందని భయపడకండి, ఎక్కువైందే పోతుంది.

ఆ తర్వాత పలచన చేయాలి. మసాలా లేకుండా ఉడికించిన మాంసం, దాని నీళ్లతో సహా కలిపితే అన్నిటికన్నా మంచిది. అది లేకపోతే ఉడికించిన బంగాళదుంపలు, కొబ్బరిపాలు. దుంప చేదును పీల్చేస్తుందనేది నిజం కాదు, అది కూర మోతాదు పెంచుతుందంతే. చివర్లో చిటికెడు ఉప్పు వేసి రుచి చూడండి. ఉప్పు చేదును అణుస్తుంది. పంచదార జోలికి పోకండి, అనాసపువ్వు తీపికి అదీ తోడైతే దగ్గు మందు తాగినట్టుంటుంది.

ఈసారి వండేటప్పుడు కిలో మాంసానికి మొత్తం కలిపి నాలుగైదు లవంగాలు, ఒక అనాసపువ్వు, రెండంగుళాల దాల్చినచెక్క. ఫైవ్ స్పైస్ వేస్తుంటే అర చెంచా చాలు, నూనెలో లవంగం, దాల్చినచెక్క, అనాసపువ్వు వేయకండి, గరం మసాలా మానేయండి. దాని బదులు యాలకులో, ధనియాల పొడో వేసుకోండి, అవి ఆ పొడిలో మామూలుగా ఉండవు.

సమస్య: ముక్క గట్టిగా ఉంది

ఇంకా ఉడకలేదు, అంతే. గట్టి ముక్కలో కండను పట్టి ఉంచే కొలాజెన్ అనే పదార్థం మెత్తగా కరగాలంటే సన్నని సెగ మీద గంటన్నర, రెండు గంటలు కావాలి. తెర్లే మంట పెడితే పీచు బిగుసుకుంటుంది. తొడ లోపలి కొవ్వులేని ముక్క ఎంతసేపు ఉడికినా ఎండినట్టే ఉంటుంది. భుజం, కాలి పిక్క ముక్కలు తీసుకోండి.

సమస్య: కొబ్బరిపాలు విరిగాయి

పెద్ద మంట మీద మరిగించారు, లేదా పులుపు పడగానే పోశారు. చిక్కటి పాలు చివర్లో, మంట బాగా తగ్గించి పోయండి. విరిగినా రుచికి లోటుండదు. చూపు కోసమైతే కాస్త తాజా కొబ్బరిపాలు పోసి మెల్లగా కలపండి.

సమస్య: వాసనే లేదు

పొడి పాతబడింది. అరచేతిలో వేసి నలిపి వాసన చూడండి, ఏమీ తెలియకపోతే కూరలోనూ తెలియదు. పారేయండి.

సమస్య: ఉప్పు ఎక్కువైంది

సోయా సాస్‌లో ఉన్న ఉప్పును లెక్కలో వేయలేదు. పులుసు ఇగిరేకొద్దీ ఇంకా ముదురుతుంది. విడి ఉప్పు దించే ముందే వేయండి.

పులుపు వల్ల పాత్ర లోహం రుచి రావడం, కాలేయంతో పాటు పిత్తాశయం చిట్లి చేదు అంటడం కూడా జరుగుతాయి, కానీ చాలా అరుదు. పొట్లాలు చదివాక కూడా ఏమీ దొరకకపోతేనే అటు చూడండి.