ట్రాన్స్‌ఫార్మర్ వల్ల సౌండ్ పగులుతుంటే ఏం చేయాలి?

హన్మకొండలో బతుకమ్మ ఆడే చోటైనా, ఊళ్లో పెళ్లి పందిరైనా, గొంతు బాగానే వినిపిస్తూ డప్పు పడగానే పాటంతా గరగరమని పగిలితే అందరూ యాంప్లిఫైయర్‌నే అనుమానిస్తారు. 100 వోల్టుల లైన్ మీద, అంటే దూరంగా ఉన్న స్పీకర్లకు ఎక్కువ వోల్టేజీతో సౌండ్ పంపే పద్ధతిలో నడిచే సెట్లలో ముందు చూడాల్సింది స్పీకర్‌కు ముందుండే ట్రాన్స్‌ఫార్మర్‌ను. వోల్టేజీ అంతే ఉండి ఫ్రీక్వెన్సీ సగమైతే దాని కోర్‌లో (లోపలి ఇనుప భాగంలో) ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, రెట్టింపవుతుంది, అందుకే 1000 హెర్ట్జ్ దగ్గర శుభ్రంగా పలికేది 50 దగ్గర చేతులెత్తేస్తుంది, అప్పుడు దాంతోపాటు వచ్చే గొంతు కూడా చెడిపోతుంది.

ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, మామూలుగా వాడే వాల్యూమ్‌లో 400 హెర్ట్జ్ నుంచి మెల్లగా కిందికి రండి. కిందికి వచ్చేకొద్దీ గరుకుదనం పెరిగి, వాల్యూమ్ తగ్గించగానే పోతే కోర్ శాచురేట్ అవుతున్నట్టే, అంటే ఇక ఎక్కువ ఫ్లక్స్ మోయలేకపోతున్నట్టే. నమ్మకం కుదరకపోతే ఆ స్పీకర్‌నే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మామూలు యాంప్లిఫైయర్‌కు కలిపి అంతే సౌండ్‌లో వినండి. హారన్ యూనిట్లకు మాత్రం 200 కంటే కిందికి టోన్ ఇవ్వొద్దు, డయాఫ్రం పోతుంది.

తర్వాత బేస్ కోయండి, సగం పని ఇక్కడే అయిపోతుంది. మిక్సర్‌లో లో కట్ బటన్ (తక్కువ ఫ్రీక్వెన్సీలను కోసేది) ఉంటే ప్రతి మైక్ చానల్‌కూ నొక్కేయండి. అది లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి (లైన్ వైపు తీగ చుట్టకు) వరుసలో ఒక కెపాసిటర్ వేయొచ్చు: 100 వోల్టుల లైన్ మీద 20 వాట్ల ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మర్‌పై పవర్ ఎంచుకునే కనెక్షన్) అంటే 500 ఓమ్‌లు, 100 హెర్ట్జ్ దగ్గర కోయాలంటే దాదాపు 3.3 మైక్రోఫారడ్. ఎలక్ట్రోలిటిక్ వద్దు, 250 వోల్టుల ఏసీ రేటింగ్ ఉన్న ఫిల్మ్ కెపాసిటరే వేయండి, యాంప్లిఫైయర్ ఆపకుండా ఆ వైర్లు అసలు ముట్టుకోవద్దు, షాక్ కొడుతుంది.

పనిలో పనిగా ట్యాప్ కూడా చూడండి. 70 వోల్టుల ట్యాప్‌ను 100 వోల్టుల లైన్‌కు కలిపితే ఫ్లక్స్ 1.4 రెట్లు, పవర్ రెట్టింపు అవుతాయి.

యాంప్లిఫైయర్ స్పీకర్ అవుట్‌పుట్ నుంచి విడిగా పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ నడిపేవాళ్లు దాన్ని తీసేసి, పాట ఆపి, ఆ అవుట్‌పుట్‌లో డీసీ ఎంత ఉందో మల్టీమీటర్‌తో కొలవాలి. వైండింగ్ (తీగ చుట్ట) 0.5 ఓమ్ ఉంటే 50 మిల్లీవోల్టులు చాలు, 100 మిల్లీయాంపుల డీసీ ఎప్పుడూ పారుతూ కోర్‌ను ఒక పక్కకు లాగేస్తుంది. టొరాయిడ్‌లో (రింగు ఆకారపు కోర్‌లో) గాలి గ్యాప్ ఉండదు కాబట్టి దానికి ఇంకా కష్టం.

ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య హమ్మింగ్ పోవడానికి పెట్టే చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి వేరు. అందులో కోర్ తీసుకునే కరెంటు సైన్ వేవ్‌లా ఉండదు, సోర్స్ రెసిస్టెన్స్ (దాన్ని నడిపే వైపు రెసిస్టెన్స్) ఎక్కువైతే ఆ వంకర కరెంటు వోల్టేజీని కూడా వంకర చేస్తుంది. కాబట్టి దానికి ముందు వాల్యూమ్ పాట్ (తిప్పే కంట్రోల్) పెట్టకండి, తక్కువ ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డు) ఉన్న బఫర్, అంటే సిగ్నల్‌ను బలంగా ముందుకు పంపే సర్క్యూట్, నుంచి నేరుగా నడపండి. ల్యాప్‌టాప్ వాల్యూమ్ సగానికి తగ్గించి, మిక్సర్ గెయిన్ పెంచుకోండి.