వెండి నగ అతికే ముందు, ప్రదర్శనకు పెట్టే ముందు

☐ జుట్టు ముడేసుకోండి, చున్నీ పక్కన పెట్టండి. నైలాన్ బట్టలొద్దు, నూలువే మేలు.

☐ కిటికీలు తెరిచారా? పక్కన నీళ్ల బకెట్ ఉందా?

☐ అతుకు దగ్గర తొందర పనికిరాదు. వెలిగారం (అతుకు బాగా పట్టడానికి రాసే పదార్థం) రాసే ముందు వేలి జిడ్డు కూడా లేకుండా తుడవండి. మురికి ఉంటే టంకం (కరిగించి అతికే లోహం) పారదు. మంటను ఒక్కచోటే నిలపకండి. స్వచ్ఛమైన వెండి 961 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, రాగి కలిసిన 92.5 శాతం వెండి అంతకంటే ముందే కరుగుతుంది. సన్నని తీగైతే రెప్పపాటులో ముద్దవుతుంది!

☐ అతికాక శుభ్రం చేయడానికి ముంచిన ఆమ్లంలోంచి నగ తీయడానికి రాగి పట్టకారే వాడండి. ఇనుము తగిలితే వెండిమీద ఎర్రగా రాగి పూత పడుతుంది.

☐ ప్రదర్శన బల్లమీద ఉన్ని గుడ్డ, రబ్బరు బ్యాండ్లు వద్దు. వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

☐ నికెల్ వాడితే చీటీపై తప్పక రాయండి. కొందరి చర్మానికి పడదు.