మాక్యులా జబ్బుకి ఏం తినాలి, ఏ మాత్ర ఎవరికి పనిచేస్తుంది

మా అమ్మకి ఏఎండీ, అంటే వయసుతో వచ్చే మాక్యులా జబ్బు, ఉందని తెలిసిన పది రోజుల్లో మా ఇంట్లోకి నాలుగు రకాల కంటి మాత్రలు వచ్చి చేరాయి. రెండు చుట్టాలు తెచ్చినవి, రెండు నేను కంగారులో కొన్నవి. ఒకరోజు రాత్రి నాలుగు డబ్బాలూ పక్కపక్కన పెట్టుకుని వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదివితే, పరిశోధనలో పనిచేసిందని తేలిన మోతాదు ఒక్కదాంట్లో కూడా లేదు. డబ్బు పోయిన సంగతి సరే, అసలు మాత్ర వేసుకుంటున్నామనే ధైర్యంతో ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో అని భయమేసింది. అందుకే, మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందని చెప్పి ఉంటే, ఇంకో డబ్బా కొనేలోపు ఇది చదవండి.

ముందుగా చేయాల్సిన పని కొనడం కాదు, అడగడం. "ఏ కంట్లో ఏ దశలో ఉంది?" అని డాక్టర్‌ని అడిగి, కుడి కన్ను, ఎడమ కన్ను విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. ఏఎండీ అంటే రెటీనా, అంటే కంటి వెనక ఉండే పొర, దాని మధ్యలో ఉండే మాక్యులా అనే చిన్న భాగం వయసుతో దెబ్బతినడం. అక్షరాలు చదివేదీ, ఎదుటి మనిషి ముఖం గుర్తుపట్టేదీ ఆ భాగంతోనే. రెటీనా అడుగున డ్రూసెన్ అనే పసుపు రంగు మచ్చలు పేరుకుంటాయి. అవి 63 నుంచి 125 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) మధ్య ఉండి, రంగు మార్పులు కూడా లేకపోతే తొలి దశ. అంతకంటే పెద్దవి కనిపించినా, మాక్యులాలో రంగు మార్పులు వచ్చినా మధ్య దశ. ఆ తర్వాతది ముదిరిన దశ, అందులో రెండు రకాలు: కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చి నీరు, రక్తం కారే తడి రకం, కణాలు మెల్లగా చచ్చిపోతూ ఖాళీలు ఏర్పడే పొడి రకం.

దశ ఇంత ముఖ్యం ఎందుకంటే, మాత్రలు అందరికీ కాదు. కనీసం ఒక కంట్లో మధ్య దశ ఉన్నవాళ్లకి, లేదా ఒక కన్ను ముదిరిన దశకి వెళ్లి రెండోది ఇంకా నిలబడి ఉన్నవాళ్లకి మాత్రమే లాభం కనిపించింది. తొలి దశలో ఉన్నవాళ్లకి వీటితో లాభం తేలలేదు. జబ్బే లేనివాళ్లు, అంటే "అమ్మకి ఉంది కాబట్టి నాకూ రాకుండా వేసుకుంటాను" అనుకునే మనలాంటి పిల్లలు, వీటిని మింగడం వల్ల జబ్బు రాకుండా ఆగుతుందని ఎక్కడా రుజువు కాలేదు. ఈ మాట మా అన్నయ్యకి నచ్చజెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇప్పుడు ఆ మోతాదు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను, ఇది తెలిస్తే షాపులో మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు. అమెరికాలోని నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ ఏరెడ్స్ అనే పెద్ద పరిశోధన చేసి 2001లో ఫలితాలు ప్రచురించింది. మధ్య దశలో ఉన్నవాళ్లు, ఒక కన్ను ముదిరిన దశకి వెళ్లినవాళ్లు, వీళ్లలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి అయిదేళ్లలో వందకి 28 మందికి జబ్బు ముదిరితే, విటమిన్లూ జింకూ కలిపి వేసుకున్నవాళ్లలో వందకి 20 మందికి ముదిరింది. "25 శాతం తగ్గింది" అని డబ్బాల మీద రాసే లెక్క దీన్నుంచి వచ్చిందే. చిన్న లాభమేమీ కాదు, కానీ మాత్ర వేసుకున్నా 20 మందికి ముదిరిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఆ మొదటి ఫార్ములాలో బీటా కెరోటిన్, అంటే క్యారెట్‌లో ఉండే నారింజ రంగు పదార్థం, ఉండేది. పొగతాగేవాళ్లకి బీటా కెరోటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరుగుతుందని 1990లలోనే వేరే పరిశోధనల్లో బయటపడింది. అందుకే 2013లో వచ్చిన రెండో పరిశోధన, ఏరెడ్స్ 2, దాని బదులు ల్యూటీన్, జియాజాంథిన్ అనే పసుపు రంగు పదార్థాలు పెట్టి చూసింది. వాళ్లనే మొత్తం పదేళ్లదాకా గమనించి 2022లో చెప్పిందేమిటంటే, బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ దాదాపు రెట్టింపు ఉంది, ల్యూటీన్ జోడీతో అలాంటి ప్రమాదం కనిపించలేదు, పైగా కంటికి అదే మెరుగ్గా పనిచేసింది. మార్కెట్లో బీటా కెరోటిన్ ఉన్న పాత ఫార్ములాలు ఇంకా దొరుకుతున్నాయి. మీ ఇంట్లో పెద్దాయన ఇరవై ఏళ్ల కిందట సిగరెట్లు మానేసినా సరే, అది వద్దు.

రోజుకి అందాల్సిన మొత్తం ఇది, కాగితం మీద రాసుకోండి: విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 ఐయూ (లేబుల్ మీద IU అని ఉండే కొలత), ల్యూటీన్ 10 మిల్లీగ్రాములు, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు, జింక్ 80 మిల్లీగ్రాములు, రాగి 2 మిల్లీగ్రాములు. రాగి ఎందుకంటే, జింక్ ఇంత ఎక్కువగా తీసుకుంటే ఒంట్లో రాగి తగ్గిపోయి రక్తహీనత రావచ్చు. జింక్ మాత్రం 25 మిల్లీగ్రాములకి తగ్గించి చూసినా పెద్ద తేడా కనపడలేదు కాబట్టి, కడుపులో తిప్పేవాళ్లకి కొందరు డాక్టర్లు తక్కువ జింక్ ఉన్నది రాస్తారు. అది వాళ్ల నిర్ణయానికే వదిలేయండి.

లేబుల్ చదివేటప్పుడు నేను పడ్డ పొరపాటు మీరు పడకండి. అంకెలు ఒక మాత్రకా, రోజు మోతాదుకా అన్నది ముందు చూడాలి. ఈ ఫార్ములా ఒక్క మాత్రలో పట్టదు కాబట్టి చాలా కంపెనీలు దీన్ని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా విడగొడతాయి. ఒక్కటే వేసుకుని సరిపెట్టుకుంటే సగమే అందుతుంది. ముందు వైపు పెద్ద అక్షరాలతో కన్ను బొమ్మ, "మాక్యులా" అనే మాట ఉండి, వెనక చూస్తే కాస్త ల్యూటీన్ తప్ప ఇంకేమీ లేని డబ్బాలే ఎక్కువ. మామూలు మల్టీవిటమిన్ కూడా దీనికి బదులు కాదు. మాత్రని ఖాళీ కడుపున వేయకండి, జింక్‌తో వికారం వస్తుంది. కాస్త నూనో నెయ్యో ఉన్న భోజనంతో వేసుకుంటే ల్యూటీన్, విటమిన్ ఇ బాగా ఒంటపడతాయి కూడా.

మొదలుపెట్టే ముందు ఇప్పటికే వేసుకుంటున్న మందులన్నీ డాక్టర్‌కి చూపించండి, దీన్ని మాత్రం దాటేయకండి. పెద్ద మోతాదు విటమిన్ ఇ, రక్తం పలచబడే మందులు కలిస్తే రక్తస్రావం ప్రమాదం ఉంటుంది. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే విటమిన్ సి గురించి అడగాలి. జింక్ వేసుకున్నవాళ్లు మూత్ర సంబంధ సమస్యలతో ఆసుపత్రిలో చేరడం కొంచెం ఎక్కువగా కనిపించింది, కాబట్టి ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. కొన్ని యాంటీబయాటిక్స్‌ని జింక్ సరిగ్గా ఒంటపట్టనివ్వదు, అవి వాడే రోజుల్లో వేళలు మార్చుకోవాలి. పెద్ద మనిషికి రోజూ కావాల్సిన జింక్ 8 నుంచి 11 మిల్లీగ్రాములే, మనం ఇస్తున్నది దానికి ఏడు నుంచి పది రెట్లు. ఇది టానిక్ కాదు, మందే అనుకుని వాడండి.

ఇక తిండి. దీనికి దశతో పని లేదు, ఇంట్లో అందరూ కలిసి తినొచ్చు. మాక్యులాకి పసుపు రంగు ల్యూటీన్, జియాజాంథిన్ వల్లే వస్తుంది. నీలి కాంతి లోపలి కణాలకి చేరకముందే వడగట్టే పొర లాంటివి అవి. మన ఒళ్లు వాటిని తయారుచేసుకోలేదు, తిన్నదాంట్లో నుంచే రావాలి. ముదురాకుపచ్చ ఆకుకూరల్లో అవి బాగా ఉంటాయి. ఉడికించిన పాలకూర అరకప్పు తింటే దాదాపు 10 మిల్లీగ్రాములు, అంటే మాత్రలో ఉన్నంత, వచ్చేస్తుంది. మొక్కజొన్నలో, నారింజ రంగు క్యాప్సికంలో జియాజాంథిన్ ఉంటుంది. గుడ్డు పచ్చసొనలో ఈ రెండూ తక్కువే, కానీ దాంట్లో ఉన్న కొవ్వు వల్ల ఉన్నంతా బాగా ఒంటపడుతుంది. ఆకుకూరని నూనె చుక్క లేకుండా ఉడకబెట్టి పెద్దవాళ్లకి పెట్టడం ఆరోగ్యం అనుకుంటాం, కంటి విషయంలో అది సగం వృథా. ఒక చెంచా నూనె వేయండి, లేదా పక్కన గుడ్డో, నాలుగు గింజలో పెట్టండి. మా అమ్మకి పళ్లు లేవు, అందుకని ఆకుకూర మెత్తగా ఉడికించి గుడ్డు కొట్టి కలిపి పెడతాం, రోజు విడిచి రోజు తింటుంది, విసుగు రాలేదు.

వార్ఫరిన్ అనే, రక్తం గడ్డకట్టకుండా చేసే మందు వేసుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మందుకి ఎదురు పనిచేస్తుంది. పూర్తిగా మానేయక్కర్లేదు, కానీ ఒకేసారి పెంచకుండా, డాక్టర్‌కి చెప్పి, వారం వారం ఒకే మోతాదులో తినాలి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు ఉన్నవాళ్లు పాలకూర బదులు వేరే ఆకుకూర చూసుకోవడం మంచిది.

చేపల సంగతి కొంచెం వింతగా ఉంటుంది. వారానికి రెండుసార్లు నూనె ఎక్కువుండే చేపలు తినేవాళ్లలో ఈ జబ్బు తక్కువని ఎన్నో పరిశీలనలు చెప్పాయి. ఆ చేపల్లో ఉండే ఒమేగా 3 అనే కొవ్వునే క్యాప్సూల్‌గా ఏరెడ్స్ 2లో ఇచ్చి చూస్తే అదనపు లాభం ఏమీ రాలేదు. అందుకే కంటి కోసమని చేప నూనె క్యాప్సూల్స్ కొనకండి, తినేవాళ్లయితే చేపే తినండి. కూరగాయలు, పప్పులు, పొట్టు తీయని ధాన్యాలు, గింజలు, చేపలు ఎక్కువగా, మాంసం, తీపి తక్కువగా తినేవాళ్లలో జబ్బు ముదరడం కూడా తక్కువగా కనిపించింది. అలాగని తిండితోనే మాత్ర అవసరం తీరుతుందా అంటే, తీరదు. 500 మిల్లీగ్రాముల విటమిన్ సి రావాలంటే రోజూ ఏడు నారింజలు తినాలి, 80 మిల్లీగ్రాముల జింక్ మామూలు భోజనంలో రావడం జరిగే పని కాదు. మధ్య దశలో ఉన్నవాళ్లకి తిండీ కావాలి, మాత్రా కావాలి.

ఇంట్లో ఎవరైనా ఇంకా సిగరెట్ తాగుతుంటే, పైన రాసినవన్నీ పక్కన పెట్టి ముందు అది మాన్పించండి. మనం మార్చగలిగిన కారణాల్లో అన్నిటికంటే పెద్దది అదే.

మాత్ర మొదలుపెట్టిన మూడు నెలలకి అమ్మ అడిగింది, "ఏం తేడా తెలియట్లేదు, మానేయనా?" అని. చాలామంది ఇక్కడే మానేస్తారు. పోయిన చూపుని ఈ మాత్రలు తీసుకురావు, ఉన్నదాన్ని ఎక్కువ కాలం నిలబెట్టడానికే ఇవి, కాబట్టి ఏ తేడా లేకపోవడమే మనకి కావాల్సింది. ఆ మాట అర్థమయ్యాక ఆవిడే గుర్తుపెట్టుకుని వేసుకుంటోంది.

తడి రకానికి మాత్రం ఇవి చికిత్స కాదు. దానికి కంట్లో వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత చూపు మిగులుతుంది. అందుకని ఫ్రిజ్ తలుపు మీద ఒక ఆమ్‌స్లర్ గ్రిడ్ కాగితం, అంటే మధ్యలో చుక్క ఉన్న గళ్ల కాగితం, అంటించండి. చదివే కళ్లద్దాలు పెట్టుకుని, చదివేటంత దూరంలో నిలబడి, ఒక కన్ను మూసి రెండో కంటితో చుక్కనే చూడాలి, తర్వాత కన్ను మార్చాలి. రెండు కళ్లతో ఒకేసారి చూస్తే బాగున్న కన్ను బాగాలేనిదాన్ని కప్పేస్తుంది. గీతలు వంకరగా కనిపించినా, ఎక్కడైనా గళ్లు మాయమైనా, తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆరోజే రెటీనా డాక్టర్‌కి ఫోన్ చేయండి. మేం పొద్దున మాత్ర వేసే సమయానికే ఈ పరీక్ష కూడా పెట్టుకున్నాం, రెండూ మర్చిపోవట్లేదు.